లింకు ఎక్కడ ఆగాలి? తెలుగు వెబ్ పేజీల్లో విరామ చిహ్నాలు, ప్రత్యయాలు

వెబ్ పేజీలో ఒక మాటకు లింకు పెడితే దాని రంగు మారుతుంది, చాలాచోట్ల అడుగున గీత కూడా పడుతుంది. ఆ మాటను ఆనుకుని కామా ఉంటే ఆ రంగు, ఆ గీత కామాకు కూడా పాకాలా? వాక్యం లింకుతోనే ముగిస్తే ఫుల్‌స్టాప్ నీలంగా ఉండాలా, నల్లగా ఉండాలా? బ్రాకెట్లు, కొటేషన్ గుర్తులు లింకులో భాగమా, కాదా? విడిగా చూస్తే ఇవి చిన్న విషయాలే. కానీ విజ్ఞాన సర్వస్వాలు, వార్తల సైట్లు, ప్రభుత్వ ప్రకటనలు చదివేవారికి ప్రతి పేరాలోనూ ఎదురవుతాయి. వీటిలో నిలకడ లేకపోతే ఎక్కడ నొక్కాలో, ఎక్కడ వాక్యం ముగిసిందో కన్ను ప్రతిసారీ వెతుక్కోవాల్సి వస్తుంది.

ఇంగ్లీషు వెబ్‌లో ఈ ప్రశ్నకు దాదాపు ఒక జవాబు కుదిరింది. ఆ జవాబును ఉన్నదున్నట్టు తెలుగులోకి తెచ్చుకుంటే మాత్రం సగం పనే అవుతుంది. మన వాక్యంలో లింకు పెట్టిన పేరును ముందుగా అంటిపెట్టుకునేది చాలాసార్లు కామా కాదు. ‘లో’, ‘కి’, ‘ను’, ‘తో’ వంటి ప్రత్యయం. దాని సంగతి తేలితే గానీ కామా సంగతి తేలదు. ఈ రెంటినీ కలిపి, ఇప్పటివరకు కుదిరిన పద్ధతులను, మిగిలిన చిక్కులను పరిశీలించడం ఈ వ్యాసం పని. ఉదాహరణలకు ఎంచుకున్న ఊరు ఖరగ్‌పూర్.

ఖరగ్‌పూరే ఎందుకు

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. పందొమ్మిదో శతాబ్దం చివరికల్లా ఖరగ్‌పూర్ దానికి ముఖ్యమైన జంక్షన్‌గా, వర్క్‌షాప్ ఉన్న రైల్వే పట్టణంగా రూపుకట్టడం మొదలైంది. హౌరా నుంచి వచ్చే లైను నాగ్‌పూర్, ముంబయి వైపు ఒకటిగా, తూర్పు తీరం వెంట విశాఖ, చెన్నైల వైపు మరొకటిగా చీలేది ఇక్కడే. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి రైల్వే కొలువుల కోసం వెళ్ళినవారు తరాల తరబడి అక్కడే స్థిరపడ్డారు. 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వేలో వాల్తేరు డివిజన్ 2003 వరకు భాగంగా ఉండటంతో ఆ రాకపోకలు తెగలేదు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు రాష్ట్రంలో అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు అందరి నోటా మొదట వినిపించిన పేరు ఖరగ్‌పూర్‌దే.

అంటే ఈ ఊరి గురించి, ఈ ఊరివారి కోసం తెలుగులో రాసే పేజీ బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు పేజీల పక్కన నిలబడాలి. నాలుగు భాషలకూ ఒకే అచ్చు, ఒకే డిజైన్ వాడాలనుకున్న క్షణంలో లింకు హద్దు సమస్య బయటపడుతుంది. పైగా ఊరి పేరే తెలుగు లిపికి ఒక పరీక్ష. గకారం కింద ‘పూ’ వత్తుగా చేరకుండా ‘ఖరగ్‌పూర్’ అని విడిగా కనిపించాలంటే మధ్యలో కంటికి కనిపించని నాన్ జాయినర్ అక్షరం పెట్టాలి. దాని తర్వాత ‘లో’ చేర్చాలంటే మరో నాన్ జాయినర్ కావాలి. ఈ రెండో నాన్ జాయినర్ సరిగ్గా లింకు అంచున పడుతుంది.

పరీక్షకు ఒక వాక్యం తీసుకుందాం: “ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరుపడ్డ ఖరగ్‌పూర్‌లోని 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫాంను 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దాటేశాయి.” ఇందులో మూడు ఊర్లకు మూడు లింకులు పెడదాం. మొదటిదాన్ని ప్రత్యయం, రెండోదాన్ని కామా, మూడోదాన్ని ఖాళీ ఆనుకుని ఉన్నాయి. ఈ మూడు పేర్లూ ఈ వ్యాసమంతటా మళ్ళీ మళ్ళీ వస్తాయి.

అచ్చు వదిలి వెళ్ళిన రెండు అలవాట్లు

తాటాకు ప్రతుల్లో తెలుగు మాటల మధ్య ఖాళీ లేదు. పద్యం ముగిసినచోట దండాలు తప్ప ఈనాటి విరామ చిహ్నాలు లేవు. కామా, ఫుల్‌స్టాప్, ప్రశ్నార్థకం అచ్చు యంత్రంతో వచ్చాయి. అచ్చులో వాలు అక్షరాల మాట పక్కన వచ్చే కామాను ఏం చేయాలన్న దగ్గర రెండు అలవాట్లు ఏర్పడ్డాయి. పాతది కంటికి నచ్చే పద్ధతి: వాలు మాట వెనక వచ్చే కామా కూడా వాలాలి, లేకపోతే రెంటి మధ్య సందు వికారంగా కనిపిస్తుంది. కొత్తది అర్థాన్ని బట్టి పోయే పద్ధతి: కామా వాక్యానిది కాబట్టి వాక్యం ఏ అక్షరాల్లో ఉంటే కామా కూడా ఆ అక్షరాల్లోనే ఉండాలి. గుర్తు ఒక పుస్తకం పేరులో భాగమైతే మాత్రం పేరుతో పోవాలి. ఇంగ్లీషు ప్రచురణకర్తలు ఎక్కువగా అనుసరించే షికాగో మాన్యువల్ ఇప్పుడు ఈ రెండో పద్ధతినే సూచిస్తోంది.

1991లో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను లోకానికి తెరిచాక, 1993లో మొజాయిక్ బ్రౌజర్ నీలం లింకులను జనంలోకి తెచ్చాక ఈ పాత చర్చ మళ్ళీ మొదలైంది. వెబ్‌లో అర్థం పక్షమే గెలిచింది. వాలు అక్షరం అలంకారం, లింకు ద్వారం. గోరఖ్‌పూర్ పక్కనున్న కామాను నొక్కితే గోరఖ్‌పూర్ పేజీ తెరుచుకోవడానికి కారణం లేదు. కామా కింద గీత వేసినా ఫలితం బాగుండదు: దాని తోక గీతను తాకుతుంది, గీత అక్కడ తెగి చివర చిన్న ముక్కగా మిగులుతుంది.

ఈ పక్షం ప్రకారం కుదిరిన నియమాలు ఇవి. వాక్యానికి చెందిన కామా, సెమీకోలన్, ఫుల్‌స్టాప్ లింకు బయట ఉంటాయి. పేరులోనే ఉన్న ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం లోపల ఉంటాయి. బ్రాకెట్లోని మాటకు లింకు పెడితే రెండు బ్రాకెట్లూ బయటే. ఒకటి లోపల, ఒకటి బయట ఎప్పుడూ ఉండకూడదు. కొటేషన్ గుర్తులూ అంతే. 1,072.5 వంటి సంఖ్యకు లింకు పెడితే అందులోని కామా, దశాంశ బిందువు లోపలే ఉంటాయి, ఎందుకంటే అవి సంఖ్య శరీరంలో భాగాలు. వాక్యం మొత్తానికి లింకు పెట్టినప్పుడు మాత్రం చివరి ఫుల్‌స్టాప్ విషయంలో రెండు వాడుకలూ ఉన్నాయి. సైటు అంతటా ఒకటే పాటిస్తే ఏదైనా సరే. తెలుగు పత్రికల శీర్షికలకు ఫుల్‌స్టాప్ పెట్టే అలవాటు లేదు కాబట్టి ఈ చిక్కు మనకు తక్కువ.

ప్రత్యయం ఎవరిది

ఇక మొదటి లింకు: ఖరగ్‌పూర్‌లోని. దీన్ని రాసేవారు మూడు దారుల్లో పోతున్నారు. కొందరు ‘ఖరగ్‌పూర్’ వరకే లింకు పెట్టి ‘లోని’ని నల్లగా వదిలేస్తారు. కొందరు మొత్తం మాటకు లింకు పెడతారు. మరికొందరు చిక్కు రాకుండా ‘ఖరగ్‌పూర్ పట్టణంలోని’ అని వాక్యాన్ని మార్చుకుంటారు.

హిందీలో ఈ గొడవ లేదు. నామవాచకం వెనక వచ్చే ‘మే’, ‘సే’, ‘కో’ విడి మాటలు, మధ్యలో ఖాళీ ఉంటుంది. బెంగాలీలో చిక్కు మనకన్నా ముదిరింది. ‘ఖొడ్గొపుర్’ అన్న పేరుకు ‘లో’ అనే అర్థంలో ఏత్వం చేర్చి ‘ఖొడ్గొపురే’ అంటారు. ఆ ఏత్వపు గుర్తును బెంగాలీ లిపిలో చివరి రకారానికి ఎడమవైపు రాస్తారు. లింకు ‘ఖొడ్గొపుర్’తో ఆగితే, బయట ఉండాల్సిన ప్రత్యయం కంటికి లింకు లోపల, చివరి అక్షరానికి ముందు కనిపిస్తుంది. కాబట్టి బెంగాలీలో మొత్తం మాటకు లింకు పెట్టడం తప్ప గత్యంతరం లేదు.

తెలుగు ఈ రెంటికీ నడుమ ఉంది. ‘నుంచి’, ‘వరకు’, ‘గురించి’ వంటివి విడిగా రాసే వీలుంది. ‘లో’, ‘కి’, ‘ని’, ‘తో’ మాటను అంటుకునే ఉంటాయి. పైగా కొన్ని మాటలు ప్రత్యయం చేరగానే ఆకారం మార్చుకుంటాయి. విశాఖపట్నం ‘విశాఖపట్నానికి’ అవుతుంది. అక్కడ లింకును మూలపదం దగ్గర ఆపుదామన్నా ఆపడానికి మూలపదం మిగలదు. ‘విశాఖపట్నా’ దాకా నీలం, ‘నికి’ నలుపు అంటే చదివేవాడికి అది ముక్కలైన మాట.

తెలుగు వికీపీడియా నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేర్ ఈ సమస్యను ముందే గుర్తించింది. ఇంగ్లీషులో లింకు బ్రాకెట్ల వెనక బహువచనపు అక్షరాలు అంటించి రాస్తే అవి కూడా లింకులో కలిసిపోతాయి. తెలుగు అమరికల్లో తెలుగు అక్షరాలకు కూడా ఇదే సౌకర్యం ఉంది. [[రైలు]]లో అని రాస్తే ‘రైలులో’ మొత్తం నీలంగా వస్తుంది. కామా, ఫుల్‌స్టాప్ తెలుగు అక్షరాలు కావు కాబట్టి అవి బయటే ఉండిపోతాయి. ఈ వ్యాసం వాదిస్తున్న నియమాన్ని ఒక యంత్రం ఇలా ఎప్పటినుంచో పాటిస్తోంది.

ఖరగ్‌పూర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది తడబడుతుంది. [[ఖరగ్‌పూర్]] వెనక నేరుగా ‘లో’ రాస్తే లింకులో కలుస్తుంది గానీ రకారం కింద లకారం వత్తుగా చేరి ‘ఖరగ్‌పూర్లో’ అవుతుంది. అలా కాకుండా నాన్ జాయినర్ పెట్టి ‘లో’ రాస్తే, ఆ నాన్ జాయినర్ యూనికోడ్ తెలుగు విభాగంలోని అక్షరం కాకపోవడంతో లింకు అక్కడే ఆగిపోతుంది. ‘లో’ నల్లగా మిగులుతుంది. రూపం కావాలంటే లింకు తెగుతుంది, లింకు కావాలంటే రూపం చెడుతుంది. నాన్ జాయినర్‌ను బ్రాకెట్ల లోపలికి తోస్తే అది పేజీ పేరులో భాగమై లేని పేజీకి దారి తీస్తుంది. దారి ఒకటే: [[ఖరగ్‌పూర్|ఖరగ్‌పూర్‌లో]] అని, పేజీ పేరును, కనిపించే రూపాన్ని నిలువు గీతతో వేరుచేసి రాయడం. పొల్లుతో ముగిసే పేర్లన్నిటికీ, గోరఖ్‌పూర్ నుంచి నాగ్‌పూర్ దాకా, ఇదే వర్తిస్తుంది.

ప్రత్యయాన్ని బయట వదలమనేవారికి ఒక బలమైన వాదన ఉంది: లింకు తీసుకెళ్ళేది ‘ఖరగ్‌పూర్’ అనే పేజీకి, ‘ఖరగ్‌పూర్‌లో’ అనే పేజీకి కాదు కదా అని. కానీ చదివేవాడి కన్ను పేజీ పేరును కాక మాటను చూస్తుంది. తెలుగులో మాట ప్రత్యయంతోనే పూర్తవుతుంది. రంగు మధ్యలో మారితే మాట చీలుతుంది. వినేవారికి ఇది ఇంకా ఇబ్బంది. చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడర్లు లింకు మొదట్లోనో చివరనో ‘లింకు’ అని చెబుతాయి. ప్రత్యయం బయట ఉంటే చాలాసార్లు ఊరి పేరు ఒకచోట, ‘లో’ ఇంకోచోట విడివిడిగా వినిపిస్తాయి.

వత్తులూ గీతలూ

హద్దు సరిగ్గా పెట్టినా గీత సరిగ్గా పడాలని లేదు. అడుగు గీత ఇంగ్లీషు అక్షరాల కొలతల్లో పుట్టింది. ఆ లిపిలో గీత కిందికి దిగే అక్షరాలు కొన్నే. తెలుగులో వత్తులన్నీ కిందే ఉంటాయి. మన పరీక్ష వాక్యంలో ‘ఖరగ్‌పూర్’కు వత్తు లేదు, పొల్లు పైన పడుతుంది, గీత ఆ చివర నుంచి ఈ చివరకు సాఫీగా పోతుంది. ‘హుబ్బళ్ళి’లో బ వత్తు, ళ వత్తు పక్కపక్కనే దిగాయి. గీత అక్కడ వత్తుల కడుపులోంచి పోతే అక్షరం మసకబారుతుంది.

దీనికి బ్రౌజర్లు కనిపెట్టిన ఉపాయం, అక్షరం గీతను తాకినచోట గీతను తెంపడం. క్రోమ్ 2018 నుంచి, ఫైర్‌ఫాక్స్ 2019 నుంచి ఇలా చేస్తున్నాయి. ఇంగ్లీషుకు ఇది వరం. తెలుగుకు సగం వరమే, ఎందుకంటే వత్తులు దట్టంగా ఉన్న మాట కింద గీత ముక్కలు ముక్కలై, ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియదు. హుబ్బళ్ళి కింద మిగిలేది ‘హు’ దగ్గర ఒక ముక్క, చివర ఓ తునక. దాని పక్కన కామా కూడా ఉండి, దాని కింద మరో ముక్క పడితే హద్దు పూర్తిగా చెరిగిపోతుంది. తెలుగులో కామాను లింకు బయట ఉంచడానికి ఇది ఇంకో కారణం.

మెరుగైన దారి గీతను కిందికి దించడం. టెక్స్ట్-అండర్‌లైన్-ఆఫ్‌సెట్ అనే సీఎస్‌ఎస్ గుణంతో గీత ఎంత దిగువన పడాలో, టెక్స్ట్-డెకరేషన్-థిక్‌నెస్‌తో ఎంత సన్నగా ఉండాలో చెప్పవచ్చు. ఈనాటి ప్రధాన బ్రౌజర్లన్నీ ఈ రెంటినీ పాటిస్తాయి. గీత వత్తుల కిందికి దిగితే వరుసల మధ్య ఎడం కూడా పెంచాలి. లేకపోతే అది కింది వరుసలోని గుడులను, దీర్ఘాలను తగులుతుంది. ఇంగ్లీషు పేజీకి పెట్టిన ఎడాన్నే తెలుగుకు పెట్టి, గీత మాత్రం దించడం వల్ల లాభం లేదు.

గీత పూర్తిగా తీసేసి రంగు మీదే ఆధారపడదామంటే అందుబాటు ప్రమాణాలు అడ్డుపడతాయి. 2008లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.0, రంగు ఒక్కటే గుర్తుగా ఉండకూడదంటుంది. రంగు మీదే నడిపితే లింకుకు, చుట్టూ ఉన్న పాఠానికి మధ్య కనీసం 3:1 తేడా ఉండాలని, మౌస్ పెట్టినప్పుడో కీబోర్డుతో చేరినప్పుడో గీత వంటి మరో గుర్తు కనిపించాలని దాని సాంకేతిక సూచనలు చెబుతున్నాయి. సన్నటి ఫుల్‌స్టాప్ నీలమో నలుపో పోల్చుకోవడం మంచి చూపున్నవారికే కష్టం. కాబట్టి హద్దును చెప్పే భారం దాని మీద వేయకూడదు.

కామా ఏ ఫాంటులోంచి వస్తుంది

డిజైనర్లు తరచు గమనించని చిక్కు ఒకటుంది. యూనికోడ్‌లో కామాకు, ఫుల్‌స్టాప్‌కు, బ్రాకెట్లకు తెలుగు విభాగంలో విడి స్థానాలు లేవు. అవి అన్ని లిపులకూ ఉమ్మడి. హిందీ, బెంగాలీ వాక్యాల చివర వచ్చే దండం కూడా దేవనాగరి విభాగంలో ఉన్న ఉమ్మడి గుర్తే. పేజీకి ఫాంట్ల వరుస చెప్పేటప్పుడు ఇంగ్లీషు ఫాంటు ముందు, తెలుగు ఫాంటు వెనక పెడితే అక్షరాలు తెలుగు ఫాంటులోంచి, కామాలు ఇంగ్లీషు ఫాంటులోంచి వస్తాయి. అప్పుడు గోరఖ్‌పూర్ పక్కన కామా మరీ చిన్నగానో, మరీ దిగిపోయో కనిపిస్తుంది. అది లింకు వల్ల వచ్చిన తేడా అనుకుని రంగులు సరిచేస్తూ కూర్చుంటే తెమలదు. తెలుగు పేరాలకు తెలుగు ఫాంటే ముందుండాలి. మండలి, రామభద్ర, సూరన్న, ఎన్‌టీఆర్ వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్న ఈ రోజుల్లో దీనికి సాకు లేదు.

దండానిది మరో కథ. అది అక్షరమంత ఎత్తున్న నిలువు గీత. బెంగాలీ, హిందీ పేజీల్లో దాన్ని లింకులో కలిపి రంగు వేస్తే మాట చివర దీర్ఘంలా భ్రమ కలిగిస్తుంది. మన ఫుల్‌స్టాప్ లోపల ఉన్నా ఎవరూ గమనించరేమో గానీ దండం లోపల ఉంటే మాటే మారినట్టుంటుంది. నాలుగు భాషల పేజీలకూ ఒకే నియమం కావాలంటే ‘వాక్యం చివరి గుర్తు బయట’ అన్నదే నాలుగింటికీ నప్పుతుంది.

లింకును లావు అక్షరాల్లో చూపే సైట్లలో ఇంకో ప్రమాదం ఉంది. లింకు హద్దు ఒక అక్షరానికీ దాని గుణింతానికీ మధ్య పడి, రెండు వైపులా ఫాంటు మారితే విడిపోయిన గుణింతం పక్కన చుక్కల వలయం ప్రత్యక్షమవుతుంది. కోడు రాసే యంత్రం అక్షరాలను లెక్కపెట్టి కోసినచోట ఇది జరుగుతుంది. తెలుగు మాటను గుణింతం మధ్యలోనో వత్తు మధ్యలోనో కోయకూడదన్నది సందేహానికి తావులేని నియమం.

అంచుల దగ్గర

లింకును చిన్న పెట్టెలా చూపాలని ఇన్‌లైన్-బ్లాక్ పద్ధతి వాడితే బ్రౌజర్ దాన్ని ఒక బొమ్మలా చూస్తుంది. బొమ్మకు ముందూ వెనకా వరుస తెగవచ్చు. ఆ పెట్టె బయట వదిలిన ఫుల్‌స్టాప్ కింది వరుస మొదట్లో ఒంటరిగా పడవచ్చు. బయట వదిలిన ‘లో’ కూడా అలాగే జారుతుంది. మామూలు లింకులో ఈ బెడద ఉండదు. కాబట్టి వాక్యం మధ్యలో వచ్చే లింకులకు పెట్టెలు వద్దు. బయటి సైటుకు పోతుందని చెప్పే బాణం గుర్తునూ ఇదే చూపుతో చూడాలి. అది మాటకు ఫుల్‌స్టాప్‌కు మధ్య దూరితే సర్దుకోవచ్చు, మాటకు ప్రత్యయానికి మధ్య దూరితే చదవలేం.

వెబ్ చిరునామాను పాఠంలో నేరుగా రాసినప్పుడు హద్దును మనిషి కాక సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది. పక్కనున్న గుర్తులను చిరునామాలో భాగంగా పొరబడే ప్రమాదం ఉందనే, 2005లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3986 అనే ఇంటర్నెట్ ప్రమాణం చిరునామా చుట్టూ కోణపు బ్రాకెట్లో, కొటేషన్ గుర్తులో, ఖాళీనో ఉండాలని సూచించింది. చివరి ఫుల్‌స్టాప్‌ను వదిలేయడం చాలా యాప్‌లు నేర్చుకున్నాయి. ప్రత్యయాన్ని వదలడం అన్నీ నేర్వలేదు. చిరునామాకు ‘లో’ అంటించి పంపితే, ఆ అక్షరాలు కూడా చిరునామాలోకి లాగబడవచ్చు. ‘లో’కు యూనికోడ్‌లో రెండు సంకేతాలు, ఒక్కోదానికి మూడు బైట్లు, చిరునామాలో అది శాతం గుర్తులు, అంకెలు కలిసిన 18 అక్షరాల తోకగా మారి పేజీ దొరకకుండా చేస్తుంది. చిరునామా తర్వాత ఖాళీ వదిలి ‘అనే చిరునామాలో’ అని రాస్తే బెడద తీరిపోతుంది.

యంత్రం తయారుచేసే వాక్యాలకూ ఇదే మందు. రైళ్ళ సమాచారం ఇచ్చే పేజీలో స్టేషన్ పేరు ఒకచోట నుంచి, చుట్టూ ఉండే వాక్యం మరోచోట నుంచి వచ్చి కలుస్తాయి. పేరు వెనక ‘కి’ అంటించేలా అచ్చు తయారుచేస్తే ‘విశాఖపట్నంకి’ వస్తుంది. ‘ఖరగ్‌పూర్ నుంచి విశాఖపట్నం వరకు’ అనేలా రాసుకుంటే పేర్లు చెక్కుచెదరవు, లింకులు పేర్ల దగ్గరే శుభ్రంగా ఆగుతాయి, తెలుగు తెలుగులానే ఉంటుంది.

తేలిన మాట

ఇంతదాకా చూసినవాటిని ఒక్క సూత్రం కింద చేర్చవచ్చు: విరామ చిహ్నం వాక్యానిది, ప్రత్యయం మాటది. వాక్యానిది లింకు బయట, మాటది లింకు లోపల. ఇంగ్లీషు మొదటి సగంతో సరిపెట్టుకోగలదు. మనకు రెండో సగం లేకుండా మొదటి సగం నిలవదు. దీనికి తోడు గీత వత్తుల కిందికి దిగాలి, వరుసల ఎడం పెరగాలి, తెలుగు ఫాంటు ముందుండాలి, నాన్ జాయినర్ ఉన్న పేర్లకు కనిపించే రూపాన్ని విడిగా రాయాలి.

ఇవి ఖర్చుతో కూడిన పనులు కావు. సైటు అచ్చు తయారుచేసేటప్పుడు ఒకసారి ఆలోచిస్తే చాలు, వేల పేజీలకు వర్తిస్తాయి. మీడియావికీలో తెలుగు అక్షరాలను లింకులో కలిపే అమరిక రాసినవారు ఆ పని చేసి చూపారు. నాన్ జాయినర్‌ను కూడా ఆ అమరిక గుర్తిస్తే ఖరగ్‌పూర్ వంటి పేర్ల చిక్కు చాలావరకు విడిపోతుంది. ఇది తెలుగు వికీపీడియా సముదాయం చర్చించి సాధించదగ్గ మార్పు.

పశ్చిమ బెంగాల్‌లో తెలుగుకు హోదా వచ్చింది కనుక అక్కడి తెలుగువారి కోసం వెలువడే ప్రతి ప్రకటనా, ప్రతి ఫారమూ ఇక వెబ్‌లోనూ ఉండాలి. వాటిని బెంగాలీ పేజీ అచ్చులోకి తెలుగు మాటలు పోసి తయారుచేస్తే ప్రత్యయాలు తెగుతాయి, వత్తులు గీతల కింద నలుగుతాయి, భాష పరాయి ఇంట్లో ఇరుక్కున్నట్టు కనిపిస్తుంది. ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగిన పిల్లల్లో చాలామందికి బడి బయట తెలుగు అచ్చు దొరికేది ఫోను తెర మీదే. ఆ తెర మీద తమ ఊరి పేరు ముక్కలు కాకుండా, ప్రత్యయంతో సహా నిండుగా కనిపించడం వాళ్ళ హక్కు. అలా కనిపించేలా చేయడం పేజీ తయారుచేసేవారి బాధ్యత.